ఎన్3 నిమిషాలకీ పొద్దుటి జ్ఞాపకానికీ పొంతన కుదరట్లేదు: ఎంసీఐ స్టడీ

నిద్రగన్నేరు
అల్జీమర్స్‌కి ముందు దశ అనుకునే అమ్నెస్టిక్ ఎంసీఐ (వయసుకి మించిన మతిమరుపు, డిమెన్షియా ఇంకా కాదు) ఉన్నవాళ్ళలో నిద్రకీ జ్ఞాపకానికీ సంబంధం చూస్తున్నాం. హైదరాబాదులోనే, అందరూ 60 దాటినవాళ్ళు, మొత్తం 30 మంది. రాత్రి 8కి 40 జతల తెలుగు పదాలు ఒకసారి చదివి వినిపిస్తాం, వెంటనే అడుగుతాం, పాలీసోమ్నోగ్రఫీ (నిద్రలో మెదడు అలలు, ఊపిరి రాసే పరీక్ష) పెట్టి పడుకోబెడతాం, లేవగానే మళ్ళీ అడుగుతాం. స్కోరింగ్ మామూలే, 30 సెకన్ల ముక్కలు (ఎపాక్‌లు), అమెరికన్ స్లీప్ అకాడమీ (ఏఏఎస్ఎం) రూల్స్. గాఢనిద్ర ఎక్కువ ఉంటే మరుపు తక్కువ ఉండాలి కదా. మాకు ఎన్3 (గాఢనిద్ర దశ) నిమిషాలకీ పొద్దుటి స్కోరుకీ ఏ సంబంధమూ కనబడట్లేదు. పైగా మూడో వంతు మందికి ఎన్3 సున్నా. రాత్రంతా పడుకున్న మనిషికి గాఢనిద్ర అసలు లేకపోవడం ఏమిటి? గైడ్ గారు శాంపిల్ పెంచమంటున్నారు. పెంచితే తేలుతుందా?

స్పిండిల్_శాస్త్రి
సున్నా రావడంలో వింతేం లేదు. ఒక ఎపాక్‌ని ఎన్3 అని రాయాలంటే అందులో 20 శాతం, అంటే 6 సెకన్లు, స్లో వేవ్ (గాఢనిద్రలో వచ్చే నెమ్మది మెదడు అల) ఉండాలి. ఆ వేవ్ 0.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్యలో ఉండాలి, ఫ్రంటల్ ఛానెల్‌లో అడుగు నుంచి కొస దాకా 75 మైక్రోవోల్టులు దాటాలి. చిక్కంతా ఆ 75 దగ్గరే. అది కుర్రవాళ్ళ మెదడుకి సరిపోయే కొలత. వయసుతో ఫ్రంటల్ కార్టెక్స్ పలచబడుతుంది, అల ఎత్తు తగ్గుతుంది. 70 ఏళ్ళాయనకి అల వస్తూనే ఉంటుంది, 60 మైక్రోవోల్టుల దగ్గర ఆగిపోతుంది. రూలు ప్రకారం దాన్ని ఎన్2లో, అంటే అంతకంటే తేలిక నిద్రలో, పడెయ్యాలి. మీ టెక్నీషియన్ తప్పు రాయలేదు. ఆ అంకె మీ ప్రశ్నకి పనికొచ్చేది కాదు, అంతే.

ఇంకోటి, ఒకే వయసులో ఆడవాళ్ళ డెల్టా (4 హెర్ట్జ్ లోపలి అలలు) మగవాళ్ళ డెల్టా కంటే ఎత్తుగా ఉంటుంది. ఆ సున్నా వచ్చినవాళ్ళలో మగవాళ్ళు ఎందరో చూడండి.

రాత్రిడ్యూటీ
ముందు మాంటేజ్ (ఏ ఎలక్ట్రోడ్‌ని దేనితో పోల్చి రాస్తున్నారో) చూడు. నుదుటి వైపు ఎఫ్3కి చెవి వెనక ఎం2, ఎఫ్4కి ఎం1 రిఫరెన్స్ ఉండాలి. కొన్ని మెషీన్లలో ఎఫ్‌జెడ్-సీజెడ్ (నుదుటి మధ్య నుంచి నడినెత్తికి) డిఫాల్ట్‌గా వస్తుంది. స్లో వేవ్ ఆ రెండు చోట్లా ఒకేసారి లేస్తుంది కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సగం ఎగిరిపోతుంది. దాని మీద 75 రూలు పెడితే కుర్రాడికి కూడా ఎన్3 రాదు.

నిద్రగన్నేరు
రిఫరెన్స్ మాస్టాయిడ్‌కే (చెవి వెనక ఎముకకే) ఉంది అన్నా. సున్నా వచ్చినవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ మగవాళ్ళే. శాస్త్రి గారూ, మరి నిమిషాలు వదిలేసి ఏం కొలవాలి? మొత్తం డెల్టా పవర్ సరిపోతుందా?

స్పిండిల్_శాస్త్రి
మొత్తం డెల్టా వద్దు. మ్యాండర్, వాకర్, జాగస్ట్ వాళ్ళ 2015 పేపర్ నేచర్ న్యూరోసైన్స్‌లో ఉంది, జ్ఞాపకశక్తి బాగానే ఉన్న 26 మంది పెద్దవాళ్ళ మీద చేసింది. మీడియల్ ప్రీఫ్రంటల్‌లో (మెదడు ముందు భాగం మధ్యలో) అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో పేరుకునే ప్రొటీన్) ఎక్కువ ఉన్నవాళ్ళకి 1 హెర్ట్జ్ లోపలి అలలు తగ్గాయి, 0.6 నుంచి 1 వరకు. 1 నుంచి 4 దాకా ఉన్న భాగంలో ఆ తగ్గుదల లేదు. రెండూ కలిపి డెల్టా అని ఒకే పద్దులో రాస్తే మీకు కావలసింది అందులో మునిగిపోతుంది. 2019లో లూసీ వాళ్ళు 119 మంది మీద చూస్తే 1 నుంచి 2 హెర్ట్జ్ మధ్య తగ్గుదల టావ్ అనే ఇంకో అల్జీమర్స్ ప్రొటీన్‌తో ముడిపడింది. అందుకని 0.6-1, 1-2, 2-4 విడివిడిగా తియ్యండి. ఎన్2, ఎన్3 రెండూ కలిపి మొత్తం ఎన్‌ఆర్‌ఈఎం (ఆర్‌ఈఎం అనే కలల నిద్ర కానిది) మీద తియ్యండి, మొత్తం పవర్‌లో వాటాగా రాయండి. పుర్రె మందం, ఆడా మగా తేడా అక్కడ చాలావరకు సర్దుకుంటాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు వెల్చ్ విండో (పవర్ లెక్క కోసం సిగ్నల్‌ని కోసే ముక్క పొడవు). 2 సెకన్ల విండో పెడితే మీకు ఫ్రీక్వెన్సీ మెట్లు 0.5 హెర్ట్జ్ చొప్పున వస్తాయి: 0.5, 1, 1.5. అందులో 0.6-1 ఎక్కడుంది? కనీసం 5 సెకన్లు పెట్టండి, 0.2 మెట్టు వస్తుంది. యాంప్లిఫయర్‌లో హైపాస్ (నెమ్మది అలల్ని కోసేసే ఫిల్టర్) ఎంతుందో కూడా చూడండి. రికార్డింగ్‌లోనే 1 హెర్ట్జ్ దగ్గర కోసేసి ఉంటే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. 0.3 లేదా అంతకన్నా కింద ఉండాలి.

రాత్రిడ్యూటీ
0.3 పెట్టినప్పుడు చెమటతో జాగ్రత్త. ఎండాకాలం రికార్డింగులు తెరిచి చూస్తే తెలుస్తుంది: గీత మొత్తం బద్ధకంగా పైకీ కిందికీ ఊగుతుంది, ఒక్కో ఊపు రెండు మూడు సెకన్లు. ఆటోమేటిక్ ప్రోగ్రాం దాన్ని బ్రహ్మాండమైన స్లో వేవ్ అనుకుంటుంది. ఏసీ చెడిన రాత్రి డెల్టా ఎక్కువ కనిపిస్తుంది, ఆ మనిషి నిజానికి సరిగ్గా నిద్రే పోయి ఉండడు. గుర్తుపట్టే పద్ధతి: నిజమైన స్లో వేవ్ ఫ్రంటల్‌లో పెద్దగా, ఆక్సిపిటల్‌లో చిన్నగా ఉంటుంది. చెమట ఏ ఎలక్ట్రోడ్ తడిస్తే ఆ ఛానెల్‌లో ఊగుతుంది, ఆర్‌ఈఎం వచ్చినా మెలకువ వచ్చినా ఆగదు. గది 24 డిగ్రీల్లో ఉంచు, తల కింద మెత్తటి దిండు బదులు పలచటిది పెట్టు.

నూనె సంగతి కూడా చెబుతున్నా. మన పెద్దవాళ్ళు సాయంత్రం తలకి కొబ్బరినూనె రాసుకుని మరీ వస్తారు. నూనె మీద పేస్ట్ పెడితే మొదట్లో ఇంపీడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య అడ్డంకి) 5 కిలోఓమ్స్ లోపు చూపిస్తుంది, అర్ధరాత్రి దాటాక 30, 40కి ఎక్కుతుంది. అప్పుడు కరెంటు లైను 50 హెర్ట్జ్ హమ్ వచ్చేస్తుంది. ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి: తలంటుకుని రండి, నూనె వద్దు. వచ్చాక పాయ తీసి, స్పిరిట్ దూదితో తుడిచి, ఆ తర్వాతే స్కిన్ ప్రెప్ జెల్. బొట్టు దగ్గర గ్రౌండ్ ఎలక్ట్రోడ్ వస్తుంది, స్టిక్కర్ తీసిన చోట జిగురు మిగులుతుంది, అదీ తుడవాలి.

తెనాలి_పీజీ
ఇంత తంటా ఎందుకు, స్మార్ట్‌వాచీలో డీప్ స్లీప్ చూపిస్తుంది కదా. ముప్పై మందికి తలా ఒకటి పెడితే నెల రోజుల డేటా వస్తుంది.

రాత్రిడ్యూటీ
వాచీకి మెదడు కనపడదు తమ్ముడూ. అది చెయ్యి కదలిక, గుండె వేగం చూసి అంచనా కడుతుంది. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, పగలు ఎంతసేపు కునుకు తీశారు, ఇవి చాలావరకు పట్టుకుంటుంది. 1 హెర్ట్జ్ అల దానికి ఎలా అందుతుంది? పైగా పెద్దవాళ్ళు మెలకువతో కదలకుండా పడుకుని ఉంటారు, దాన్ని నిద్ర కింద రాసేస్తుంది.

గణాంకం
శాంపిల్ ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. 30 మందితో కోరిలేషన్ 0.36 దాటితే గానీ పీ విలువ 0.05 కిందికి రాదు. అసలు సంబంధం 0.3 ఉందనుకుంటే దాన్ని 80 శాతం ఖాయంగా పట్టుకోవడానికి 85 మంది కావాలి. కాబట్టి ఇప్పుడు వచ్చిన సున్నాని సంబంధం లేదనడానికి సాక్ష్యంగా తీసుకోకూడదు. అయితే కొలతే తప్పుగా ఉంటే 85 మందిని పెట్టినా అంతే.

ఇంకో ప్రమాదం శాస్త్రి గారి సలహాలోనే ఉంది. మూడు బ్యాండ్లు, ఆరు ఛానెళ్ళు, రెండు మెమరీ స్కోర్లు. 36 పరీక్షలు. వాటిలో ఒకటో రెండో ఊరికే తగులుతాయి. డేటా తెరవకముందే ఒక్కటి రాసి పెట్టుకోవాలి: ఫ్రంటల్ 0.6-1 వాటా, పొద్దుటికి మరిచిపోయిన జతల సంఖ్య. మిగతావన్నీ వెతుకులాట అని పేపర్‌లో పేరు పెట్టి చెప్పాలి.

స్పిండిల్_శాస్త్రి
ఒప్పుకుంటాను. ముందే రాసి రిజిస్టర్ చేసుకోవాలి.

బెజవాడ_న్యూరో
అందరూ ఈఈజీ మీదే పడ్డారు. నాకు మెమరీ టెస్ట్ మీదే ఎక్కువ అనుమానం. ఎంసీఐ వాళ్ళకి 40 జతలు ఒక్కసారి వినిపిస్తే రాత్రికే 4, 5 మించి నిలవవు. ఎక్కనిది రాత్రి పూట ఎలా స్థిరపడుతుంది? నిద్ర చేసే పని స్థిరపరచడం. ఎక్కించడం పగటి పని, ఈ జబ్బులో హిప్పోక్యాంపస్ (కొత్త జ్ఞాపకాల్ని ఎక్కించే మెదడు భాగం) మొదట పోగొట్టుకునేది అదే. మీ స్కోరులో ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి.

జతలు 20కి తగ్గించండి. 60 శాతం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ నేర్పించండి, అయిదు విడతలు మించకుండా. ఎన్ని విడతలు పట్టిందో రాసుకుని కోవేరియట్‌గా (లెక్కలో సర్దుబాటు చేసే అంశంగా) వాడండి. పడుకోబోయే ముందు ఆఖరి పరీక్షలో తప్పు చెబితే సరిదిద్దకూడదు, సరిదిద్దితే అది ఇంకో పాఠం అవుతుంది. శాతాల్లో స్కోరు రాయొద్దు. రాత్రి 3 చెప్పి పొద్దున 2 చెప్పినవాడికి 33 శాతం మరుపు, 12 చెప్పి 10 చెప్పినవాడికి 17 శాతం. మొదటాయన మరిచింది ఒకటే, రెండో ఆయన రెండు మరిచాడు. తేడా సంఖ్యలోనే పెట్టి, రాత్రి స్కోరు మోడల్‌లో వెయ్యండి.

లేవగానే అడగడం ఆపండి. నిద్రమత్తు వదలడానికి అరగంట, పెద్దవాళ్ళకి ముప్పావు గంట ఇవ్వండి. రోజూ లేస్తూనే కాఫీ తాగే అలవాటున్న మనిషిని కాఫీ లేకుండా కూర్చోబెడితే తలనొప్పిని కొలిచినట్టవుతుంది. ఎవరి అలవాటు వాళ్ళకి ఉంచి, అందరికీ ఒకే వ్యవధి తర్వాత పరీక్ష పెట్టండి.

నిద్రగన్నేరు
డాక్టర్ గారూ, మాలో కొందరికి చదువు రాదు. చదివి వినిపిస్తే సరిపోతుందా, బొమ్మలకి మారాలా?

బెజవాడ_న్యూరో
బొమ్మలకి మారండి. బొమ్మ ఏ గడిలో ఉందో గుర్తుపెట్టుకునే పరీక్ష అయితే హిప్పోక్యాంపస్ పని నేరుగా తెలుస్తుంది, చదువు ప్రభావం తగ్గుతుంది. బిందె, గొడుగు, నాగలి లాంటివి వాడండి, ఎవరికీ కొత్త కాకూడదు. మామూలు కాగ్నిటివ్ అంచనాకి ఐసీఎంఆర్ న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ తెలుగులో ఉంది, దాన్నే వాడితే రేపు వేరే సెంటర్ల లెక్కలతో పోల్చుకోవచ్చు.

ఎవరికి ఎన్ని భాషలు వచ్చో కూడా రాసుకోండి. 2013లో సువర్ణ అల్లాడి గారి బృందం హైదరాబాదులోనే 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసింది. రెండు భాషలు వచ్చినవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివాళ్ళలో కూడా. ఇంట్లో తెలుగూ వీధిలో ఉర్దూ మాట్లాడే పాతబస్తీ మనిషినీ, తెలుగు ఒక్కటే వచ్చిన మనిషినీ ఒకే గంపలో వెయ్యకండి.

తెనాలి_పీజీ
పగలు మేలుకునే గ్రూప్ కూడా ఉండాలి కదా? నిద్ర వల్ల నిలిచిందో, 12 గంటలు గడిచాక ఎవరికైనా అంతే మిగిలేదో ఎలా తెలుస్తుంది?

బెజవాడ_న్యూరో
మంచి ప్రశ్న. ఉండాలి, కానీ ఇక్కడ భోజనం తర్వాత కునుకు తియ్యని పెద్దాయన దొరకడం కష్టం. మేలుకునే గ్రూప్ అని రాసుకుంటారు, మధ్యాహ్నం 2కి అందరూ గురకపెడుతుంటారు. యాక్టిగ్రఫీ (చేతి కదలిక రాసే పట్టీ) కట్టండి, కునుకు పడితే ఆ రోజు డేటా పక్కన పెట్టండి. రాత్రికీ పగలుకీ టెస్ట్ వేళ మారుతుంది కాబట్టి రెండు వేళల్లోనూ చిన్న అటెన్షన్ టెస్ట్ ఒకటి పెట్టాలి. డిమెన్షియా ముదిరినవాళ్ళు పొద్దువాలాక గాభరా పడతారు, రాత్రి 8 పరీక్ష వాళ్ళకి న్యాయం చెయ్యదు.

హిప్పో_హన్మకొండ
మందుల లిస్ట్ చూశారా? డోనెపెజిల్ (అల్జీమర్స్ మందు) రాత్రి వేసుకుంటే ఆర్‌ఈఎం పెరుగుతుంది, కలలు ఎక్కువవుతాయి. క్లోనజెపామ్ లాంటి మత్తుమాత్రలు స్లో వేవ్ తగ్గించి స్పిండిల్స్ (నిద్రలో అర సెకనుకి పైగా వచ్చే వేగపు అలల గుత్తులు) పెంచుతాయి. స్పిండిల్ ఎక్కువ ఉంటే జ్ఞాపకం బాగుండాలని లెక్కేసుకుంటే ఆ మాత్ర వాడేవాళ్ళు మొత్తం గ్రాఫ్‌ని తలకిందులు చేస్తారు. ఎస్ఎస్‌ఆర్‌ఐలు (డిప్రెషన్ మందులు) ఆర్‌ఈఎం నొక్కేస్తాయి. నిద్ర కోసమని ఏళ్ళ తరబడి అమిట్రిప్టిలిన్ వాడుతున్నవాళ్ళు ఉంటారు, దాని యాంటీకోలినెర్జిక్ (ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే) గుణం వల్లే జ్ఞాపకం మొద్దుబారుతుంది.

బెజవాడ_న్యూరో
నిజం. అయితే స్టడీ కోసం ఎవరి మందూ ఆపించకూడదు. క్లోనజెపామ్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. డోనెపెజిల్‌ని పొద్దుటికి మార్చడం చూస్తున్న డాక్టర్ చేతిలో పని. వీలైతే ఆ మందులు లేనివాళ్ళని తీసుకోండి, లేకపోతే విడిగా విశ్లేషించండి.

రాత్రిడ్యూటీ
అప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) మరిచారు. ఈ వయసులో తెలియకుండానే ఏహెచ్‌ఐ (గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది) 15 దాటినవాళ్ళు ఎక్కువ. ఊపిరి ఆగిన ప్రతిసారీ అరౌజల్ (క్షణం మెలకువ) వస్తుంది, స్లో వేవ్ తెగిపోతుంది, ఆక్సిజన్ పడుతుంది. అప్పుడు జ్ఞాపకం తగ్గింది జబ్బు వల్లా, ఊపిరి వల్లా? ఏహెచ్‌ఐ ఒక్కటే కాదు, 90 శాతం కింద సాచురేషన్ ఎంతసేపు ఉందో కూడా మోడల్‌లో వెయ్యాలి. అందరినీ తీసేస్తే మాత్రం మామూలు జనాభాకి పనికిరాని స్టడీ అవుతుంది.

మొదటి రాత్రి డేటా వాడుతున్నారా? కొత్త చోట, తల నిండా వైర్లతో ఎవరికీ నిద్ర పట్టదు. మొదటిది అలవాటు రాత్రి. అప్నియా దానితో చూసుకోండి, మెమరీ రెండో రాత్రి పెట్టండి.

నిద్రగన్నేరు
ఒకే రాత్రి తీస్తున్నాం. రెండో రాత్రికి ఎథిక్స్ కమిటీ దగ్గరికి సవరణ పంపాలి. స్పిండిల్స్ కూడా చూడమంటారా? స్లో వేవ్‌తో వాటి కప్లింగ్ (వేళ కలవడం) అని అందరూ అంటున్నారు.

స్పిండిల్_శాస్త్రి
చూడాలి, అసలు సంగతి అక్కడే ఉందని నా నమ్మకం. స్లో ఆసిలేషన్ పైకి లేచే వేళకి స్పిండిల్ దాని మీద కూర్చోవాలి, ఆ స్పిండిల్ లోయల్లో హిప్పోక్యాంపస్ రిపుల్స్ (అతి వేగపు చిన్న అలలు) పడాలి. మూడూ కలిసినప్పుడు జ్ఞాపకం కార్టెక్స్‌కి చేరుతుంది. హెల్ఫ్రిచ్ వాళ్ళు 2018లో న్యూరాన్ పత్రికలో చూపించింది ఇదే: పెద్దవాళ్ళలో స్పిండిల్ కాస్త ముందే వచ్చేస్తుంది, శిఖరం చేజారుతుంది, మరుపు పెరుగుతుంది. రెండూ ఉన్నా వేళ తప్పితే ఫలితం ఉండదు.

పట్టుకునే పద్ధతి: 0.16-1.25 హెర్ట్జ్ ఫిల్టర్, జీరో క్రాసింగ్‌ల మధ్య 0.8 నుంచి 2 సెకన్లు, ఎత్తులో పై 25 శాతం. స్పిండిల్స్‌కి 12-16 హెర్ట్జ్, కనీసం అర సెకను. ఈ పై 25 శాతం పద్ధతిలో ఒక మెలిక ఉంది. ప్రతి మనిషిలోనూ సొంత అలల్లోంచే పావు వంతు తీస్తాం కాబట్టి, అలలు బక్కచిక్కిన మనిషికీ నిండుగానే లెక్క వస్తుంది. వేళ చూడటానికి అది పనికొస్తుంది, నిమిషానికి ఎన్ని అని పోల్చడానికి అస్సలు పనికిరాదు.

గణాంకం
వేళ చూడటానికి కూడా సంఖ్య సరి చెయ్యాలి. మీన్ వెక్టార్ లెంగ్త్ (వేళ ఎంత నిలకడగా కలిసిందో చెప్పే అంకె) ఘటనలు తక్కువైతే ఉత్తినే పెరుగుతుంది. ఏ కప్లింగూ లేని యాదృచ్ఛిక ఫేజ్‌లతో కూడా 50 ఘటనలకి సగటున 0.12 వస్తుంది, 500 ఉంటే 0.04. అంటే స్పిండిల్స్ పోగొట్టుకున్న రోగికే కప్లింగ్ బాగున్నట్టు కనబడుతుంది. అందరికీ సమాన సంఖ్యలో ఘటనలు తీసుకోవాలి, లేదా ఫేజ్‌లు కలగాపులగం చేసిన సరోగేట్లతో జెడ్ స్కోర్ కట్టాలి.

ఎలుకలల్యాబ్
ఇదంతా సరే, దిశ ఎటు? నిద్ర చెడి అమిలాయిడ్ పేరుకుంటోందా, అమిలాయిడ్ వల్ల నిద్ర చెడుతోందా? ఒకే రాత్రి స్టడీ అది చెప్పలేదు. 2009లో కాంగ్, హోల్ట్‌జ్‌మన్ వాళ్ళు ఎలుకల్లో మెలకువలో అమిలాయిడ్ పెరిగి నిద్రలో తగ్గడం చూపించారు, ఒరెక్సిన్ (మెలకువ నిలిపే మెదడు రసాయనం) పాత్ర అక్కడే తేలింది. 2013లో షీ, నెడర్‌గార్డ్ వాళ్ళు నిద్రలో కణాల మధ్య ఖాళీ 60 శాతం పెరిగి చెత్త కడుక్కుపోతుందన్నారు. నిద్ర ముందు, జబ్బు తర్వాత అని నా మొగ్గు.

హిప్పో_హన్మకొండ
ఆ కడుక్కుపోవడం మీద అంత గట్టిగా చెప్పకండి. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫ్రాంక్స్ బృందం ఎలుకల్లోనే డై ఎక్కించి చూస్తే నిద్రలోనూ మత్తులోనూ తొలగింపు తగ్గింది, పెరగలేదు. పద్ధతులు వేరు, వాదన ఇంకా తెగలేదు.

ఎలుకలల్యాబ్
తెగలేదు, నిజమే. కానీ తొలగింపు సంగతి పక్కన పెట్టినా ఉత్పత్తి వైపు సాక్ష్యం ఉంది. మెలకువలో న్యూరాన్లు ఎక్కువ పనిచేస్తాయి, అమిలాయిడ్ ఎక్కువ వదులుతాయి. మనుషుల్నే రాత్రంతా మేలుకోబెట్టి సీఎస్ఎఫ్ (వెన్ను నీరు) తీసిన స్టడీలో అది పాతిక ముప్పై శాతం పెరిగింది. 2023లో లూసీ వాళ్ళు 38 మందితో చేసిన దాంట్లో 20 మిల్లీగ్రాముల సువోరెక్సాంట్ (ఒరెక్సిన్‌ని అడ్డుకునే నిద్రమాత్ర) ఇస్తే సీఎస్ఎఫ్ అమిలాయిడ్ పది ఇరవై శాతం తగ్గింది.

బెజవాడ_న్యూరో
అది రెండు రాత్రుల స్టడీ, జ్ఞాపకం బాగుపడిందని ఎక్కడా తేలలేదు. ఈ థ్రెడ్ చదివి ఎవరూ ఇంట్లో పెద్దవాళ్ళకి నిద్రమాత్రలు మొదలుపెట్టొద్దు. కిందపడి తుంటి విరగడం, అయోమయం పెరగడం ఖాయంగా కనిపించే నష్టాలు.

దిశ గురించి గట్టి ఆధారం కావాలంటే పార్కిన్సన్స్ వైపు చూడండి. ఆర్‌ఈఎంలో కండరాలు వదులవకుండా కలల్ని అభినయించే ఆర్‌బీడీ ఉన్న 1280 మందిని 24 సెంటర్లలో చూశారు, పోస్టుమా వాళ్ళ 2019 పేపర్. ఏడాదికి 6.3 శాతం చొప్పున పార్కిన్సన్స్‌కో లెవీ బాడీ డిమెన్షియాకో వెళ్ళారు, 12 ఏళ్ళకి 73.5 శాతం. కానీ అక్కడా నిద్ర చెడటం జబ్బుకి తొలి గుర్తు, కారణం కాదు. బ్రెయిన్‌స్టెమ్‌లో సిన్యూక్లిన్ (పార్కిన్సన్స్‌లో పేరుకునే ప్రొటీన్) ముందే చేరింది. నిద్ర ముందు కనబడినంత మాత్రాన అదే మూలమని అనుకోకూడదు.

ఎలుకలల్యాబ్
ఈ పాయింట్ బలమైనది. అమిలాయిడ్ పెట్ (దాన్ని చూపే స్కాన్) లేకుండా ఎంసీఐ స్టడీలో దిశ మాట ఎత్తకపోవడమే మంచిది.

తెనాలి_పీజీ
పింక్ నాయిస్ (వాన హోరు లాంటి శబ్దం) వినిపించి స్లో వేవ్ పెంచవచ్చు కదా? అప్పుడు దిశ కూడా తెలుస్తుంది.

స్పిండిల్_శాస్త్రి
అల పైకి లేచేటప్పుడు 50 మిల్లీసెకన్ల చిన్న శబ్దం ఇస్తారు, ఎప్పుడు పడితే అప్పుడు కాదు, అల ఏ దశలో ఉందో (ఫేజ్) చూసి ఇవ్వాలి. ఎంగో, బోర్న్ వాళ్ళు 2013లో కుర్రవాళ్ళలో చూపించారు, 2017లో పాపలాంబ్రోస్ వాళ్ళు 13 మంది పెద్దవాళ్ళలో. ఎంసీఐలో చేసినవి మరీ చిన్నవి. వినికిడి తగ్గినవాళ్ళకి శబ్దం పెంచాలి, పెంచితే లేస్తారు. అల బక్కగా ఉంటే ఆల్గారిదం దాన్ని పట్టుకోలేదు. ముందు కొలవడం కుదరాలి, పెంచడం ఆ తర్వాత.

నిద్రగన్నేరు
పాత రికార్డింగులు పారెయ్యకుండా మళ్ళీ విశ్లేషిస్తాను. పద్ధతి సరిచూసుకోవడానికి బయటి డేటా ఏదైనా దొరుకుతుందా?

గణాంకం
నేషనల్ స్లీప్ రీసెర్చ్ రిసోర్స్‌లో అప్లై చేస్తే ఉచితంగా ఇస్తారు. అక్కడి ఎంఆర్‌ఓఎస్ అనే స్టడీలో కాగ్నిటివ్ స్కోర్లు ఉన్నాయి, అందరూ పెద్ద వయసు మగవాళ్ళే. అందులోనూ ఎస్‌హెచ్‌హెచ్‌ఎస్ అనే స్టడీలోనూ నడినెత్తి పక్కల సీ3, సీ4 మాత్రమే, ఫ్రంటల్ లేదు. మీసా అనే ఇంకో స్టడీలో రాత్రిడ్యూటీ గారు చెప్పిన ఎఫ్‌జెడ్-సీజెడ్ బైపోలార్ ఉంది. స్పిండిల్ కోడ్ పరీక్షించుకోవడానికి బాగుంటాయి, 0.6-1 అంకెల్ని మీ వాటితో పోల్చకండి.

రాత్రిడ్యూటీ
ఆటోమేటిక్ స్టేజింగ్‌కి యాసా వాడొచ్చు, పైథాన్‌లో ఉచితం. కానీ జబ్బు ముదిరినకొద్దీ మెలకువ ఈఈజీ కూడా నెమ్మదిస్తుంది, స్పిండిల్స్, కే కాంప్లెక్స్‌లు చెరిగిపోతాయి, ఎన్2కీ ఎన్1కీ గుర్తు దొరకదు. కనీసం కొన్ని రికార్డింగులు మనిషి చేత కూడా స్కోర్ చేయించి పోల్చు, రోగి ఎవరో ఆ మనిషికి తెలియకూడదు.

నిద్రగన్నేరు
మీరే చూసిపెడతారా అన్నా? ఈడీఎఫ్ (ఈఈజీ రికార్డింగ్) ఫైళ్ళు పంపుతాను.

రాత్రిడ్యూటీ
చూస్తాను, కానీ అలాగే పంపకు. ముందు బయటివాళ్ళకి చూపించడానికి మీ కన్సెంట్ ఫారంలో చోటుందో లేదో చూసుకో. ఈడీఎఫ్ హెడర్‌లో మొదటి 8 బైట్లు వెర్షన్, తర్వాతి 80 బైట్లలో పేషెంట్ పేరు, పుట్టినతేదీ ఉంటాయి, ఆ తర్వాతి 80లో రికార్డింగ్ వివరాలు. ఆ 160 బైట్లూ ఖాళీ స్పేస్‌లతో నింపు, చెరిపేస్తే ఫైలు తెరుచుకోదు. ఫైలు పేరులో ఇంటిపేరు ఉంటుంది, అదీ మార్చు. వీడియో పంపొద్దు.